ఇటుక కింద కార్డు

మొన్న గురువారం మా అపార్ట్‌మెంట్ కింది పెట్టెలో కరెంటు బిల్లుతో పాటు ఒక పోస్టు కార్డు పడి ఉంది. 2009లో కార్డులు రాసేవాళ్ళు ఇంకా ఉన్నారా అనుకుంటూ తీశాను. మొదటి వాక్యం చదవగానే మెట్టు మీద పెట్టిన కాలు వెనక్కి తీసుకుని, గేటు దాటి రోడ్డు మీదికి వెళ్ళి నిలబడ్డాను. మిగతాది అక్కడే చదివాను.

"ఏంటమ్మగారూ, ఎండలో నిలబడ్డారు? బట్టలేమన్నా ఉన్నాయా?" అన్నాడు ఇస్త్రీ బండి అతను.

లేవన్నాను.

చావు కబురున్న కాగితం గడప దాటకూడదని నాకు అలవాటు చేసింది ఒకావిడ. ఆ కార్డు ఆవిడ పోయిందని చెప్పడానికే వచ్చింది.

1991 జూన్ నుంచి 2003 మే దాకా నేను భవానీపురంలో ఆవిడ ఇంట్లో, పదకొండో నంబరు గదిలో ఉన్నాను. నా ఉద్యోగం ఇబ్రహీంపట్నంలో, థర్మల్ స్టేషన్ అకౌంట్స్‌లో. ఆ ఇంట్లో ఉన్నవి పన్నెండు గదులు. నెలవారీ అద్దె, ఉద్యోగాలు చేసుకునే ఆడవాళ్ళకు మాత్రమే. అందరం ఆవిడను పిన్నిగారూ అనేవాళ్ళం. ఆవిడ మాత్రం మమ్మల్ని గది నంబరుతోనే పిలిచేది. "ఏడూ, నీ బకెట్టు తియ్యి." "పదకొండూ, ఫ్యాను ఆపలేదు నువ్వు." చేరిన కొత్తలో నాకు చాలా ఒళ్ళు మండింది. జైల్లో ఉన్నామా అని ఒకసారి అడిగాను కూడా.

"మనిషి మారతది, గది మారదు. పన్నెండు పేర్లు గుర్తు పెట్టుకునే ఓపిక నాకు లేదు" అంది.

అది అబద్ధం. పేర్లన్నీ ఆవిడకు గుర్తే. ఆ సంగతి తెలిసిన రోజు, తెలియకపోతేనే బాగుండేదనిపించింది.

పోస్ట్‌మాన్ మధ్యాహ్నం పన్నెండు గంటలకు వచ్చేవాడు. గేటు మీంచి ఉత్తరాలు లోపలికి విసిరితే ఆవిడ ఊరుకునేది కాదు. "కోళ్ళకు గింజలు చల్లినట్టు చల్లకు. చేతికియ్యి" అనేది. ఒక్కొక్కటీ తీసుకుని, అరచేతిలో ఎగరేసి బరువు చూసి, తొడ మీద ఒకసారి కొట్టి, వరండా గోడలో ఉన్న గూట్లో పెట్టేది. ఆ గూట్లోనే పక్కన మాగాయ జాడీ. మా ఉత్తరాలన్నీ ఆవపిండి వాసన వేసేవి. సాయంత్రం అయిదు దాటాక, అందరూ ఉద్యోగాల నుంచి వచ్చి కాళ్ళు కడుక్కున్నాక, ఆవిడ వరండాలో ముక్కాలిపీట వేసుకుని కూర్చునేది.

"ఏడూ! ఇదిగో మీ ఆయన కవరు. పల్చగా ఉంది. ఏం రాయాలో తోచక అంటించేశాడు."

"రెండూ! మీ అత్తగారు. బరువు చూస్తే తిట్లు బాగానే ఉన్నట్టున్నాయి. అన్నం తిన్నాక చదువు."

"పదకొండూ! మళ్ళీ ఆఫీసు కాగితాలే. నీకు మనుషులెవరూ రాయరటే?"

"రాస్తే మీరు చదువుతారని రాయరు పిన్నిగారూ."

"కార్డైతే చదువుతా. దాచుకునేది ఉన్నవాళ్ళు కవరు కొనుక్కోవాలి."

ఉత్తరం ఎవరిదైతే వాళ్ళ చేతికే. ఒకే గదిలో ఉండే అక్కచెల్లెళ్ళకైనా ఒకరిది ఇంకొకరికి ఇచ్చేది కాదు. ఒకసారి ఆరో నంబరు భర్తనంటూ ఒకాయన వచ్చి, ఆమెకొచ్చిన ఉత్తరాలు తనకివ్వమన్నాడు. "మొగుడివైతే నువ్వే ఒకటి రాసుకో. అదీ ఆ అమ్మాయి చేతికే ఇస్తా" అని గేటు గడియ వేసింది.

ఇది ఆవిడలో ఒక వైపు. రెండో వైపు చూడటానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది.

1992 ఫిబ్రవరిలో ఒక ఆదివారం. అంతకు ముందు రోజు వచ్చిన ఉత్తరాలను పోస్ట్‌మాన్ ఆదివారం పొద్దున్నే ఇటు వెళ్తూ ఇచ్చిపోయాడు. పెరట్లో కుళాయి దగ్గర అయిదారుగురం బట్టలు ఉతుక్కుంటున్నాం. ఆవిడ గొంతు గేటు దగ్గర నుంచి వచ్చింది, మెత్తగా.

"సుభాషిణీ, ఒకసారి గేటు దాకా రామ్మా."

పాతవాళ్ళ చేతులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. కుళాయి కింద బిందె నిండి పొర్లిపోతోంది, కట్టేవాళ్ళు లేరు. తొమ్మిదో నంబరు అమ్మాయి పేరు సుభాషిణి అని నాకు అప్పుడే తెలిసింది. ఆ అమ్మాయి తడి చేతులు చీరకు తుడుచుకుంటూ గేటు వైపు నడిచింది. నడుస్తుండగానే ఏడుపు మొదలుపెట్టింది.

గేటు స్తంభం మీద ఒక ఇటుక ఉండేది. అది ఎందుకుందో అప్పటిదాకా నేను ఆలోచించలేదు. చావు కబురు కార్డు వస్తే ఆవిడ లోపలికి తేకుండా ఆ ఇటుక కింద పెట్టేది. దానికి అయిదు గంటల దాకా ఆగడం లేదు. మనిషిని పేరు పెట్టి పిలిచి, గేటు బయటే చదివించి, కార్డు చింపి కాలవలో వేసి, పెరట్లో కూర్చోబెట్టి తనే తల మీద నీళ్ళు పోసేది. ఆ రోజు సుభాషిణిని బస్టాండు దాకా తీసుకెళ్ళి బస్సెక్కించి వచ్చింది. పన్నెండు రోజుల తర్వాత ఆ అమ్మాయి తిరిగొస్తే, "తొమ్మిదీ, నీ గది తాళం తుప్పు పట్టింది చూడు" అంది. ఆ అమ్మాయి నవ్వలేక నవ్వింది.

అప్పటి నుంచి మాకందరికీ మా పేర్లంటేనే భయం. ఒకసారి ఆఫీసులో పనిచేసే ఆవిడ వచ్చి గేటు దగ్గర నుంచి నన్ను పేరుతో కేకేసింది. నేను గది తలుపు గడియ వేసుకున్నాను.

నాలుగో నంబరు గదిలోకి ఒక అమ్మాయి 1996 వర్షాకాలంలో వచ్చింది. సన్నగా, గట్టిగా మాట్లాడితే ఉలిక్కిపడేలా ఉండేది. దగ్గర్లో కాన్వెంటు స్కూల్లో టీచరు. మేనమామకిచ్చి చేస్తామని అన్నయ్య ముహూర్తం పెట్టిస్తే, పొద్దున బస్సెక్కి వచ్చేసిన పిల్ల. ఆ సంగతి పిల్ల చేరిన రోజునే ఆవిడ అడిగి తెలుసుకుంది. "మీ వాళ్ళొస్తే?" అని అడిగితే, "తీసుకెళ్ళి గదిలో పెట్టి తాళం వేస్తారండీ, ముహూర్తం దాకా" అని చెప్పింది ఆ పిల్ల. ఆవిడ నాలుగో నంబరు తాళం చెవి ఇచ్చింది.

ఆ పిల్ల ఎక్కడుందో తల్లికి ఒక్కదానికే తెలుసు. తల్లికి చదువు రాదు. పొరుగింటి వాళ్ళ చేత రాయించేది. రాయించి, మడిచి, అంటించి, ఉత్తరం క్షేమంగా చేరాలని వెనక వైపు ఒక మూల వేలితో పసుపు అద్దేది. ఎప్పుడూ ఒకటే మూల. ఆ పసుపు పక్క ఉత్తరాలకు కూడా అంటుకునేదని ఆవిడ సణుగుడు.

"నాలుగూ! మీ అమ్మ ఉత్తరం రాయిస్తందా, పులుసు పెడతందా? రా, పులుసు చల్లారిపోతంది."

ఆ పిల్ల పరిగెత్తుకొచ్చి, ముందు ఆ మూలను వాసన చూసేది. తర్వాతే చింపేది.

1997 ఫిబ్రవరి, రెండో శనివారం. నాకు సెలవు, కాన్వెంటుకు లేదు. పన్నెండింటికి పోస్ట్‌మాన్ వచ్చి వెళ్ళాడు. కాసేపటికి ఆవిడ గేటు దగ్గర నుంచి నన్ను చేత్తో పిలిచింది. నంబరుతో కాదు, పేరుతో కాదు, చేత్తో. అడుగులో అడుగేసుకుంటూ వెళ్ళాను.

"నీకు కాదులే. నువ్వు లెక్కల మనిషివి. ఇది చూడు."

ఇటుక కిందున్న కార్డు. నాలుగో నంబరుకి. అమ్మ ఆదివారం తెల్లవారుజామున కాలం చేసిందనీ, వెంటనే బయలుదేరి రావలసిందనీ వాళ్ళన్నయ్య రాసిన మూడు వాక్యాలు. పైన శ్రీకారం లేదు. చావు కబురు ఎలా ఉండాలో అలాగే ఉంది. ఆవిడ కార్డు తిప్పి, వెనక కింది మూల నాకు చూపించింది. లేత పసుపు మరక.

"ఇది వాళ్ళమ్మ వేలు" అంది.

నాకు అలా తేలిగ్గా ఒప్పుకోవడం చేతకాదు. "మాఘమాసం పిన్నిగారూ. పోస్టు సంచి నిండా శుభలేఖలే. పక్కనున్న దాని పసుపు అంటుకుని ఉండొచ్చు" అన్నాను.

"ఉండొచ్చు."

"లేకపోతే రాసినవాళ్ళ చేతికే ఉందేమో."

"చావింట్లో పొయ్యే వెలగదు. ఎవరి చేతికి ఉంటదే పసుపు?" అంది. అని, మళ్ళీ తనే, "ఉండొచ్చులే" అంది.

కార్డు ఇటుక కింద పెట్టి లోపలికి వచ్చింది. విస్తరి ముందు కూర్చుని లేచింది. మళ్ళీ గేటు దగ్గరికి వెళ్ళింది. కార్డు ముక్కు దగ్గర పెట్టుకుంది, వెలుతురికి పట్టింది, పెట్టేసింది. ఆ మధ్యాహ్నం ఎన్నిసార్లు తిరిగిందో నేను లెక్కపెట్టలేదు. లెక్కపెట్టని రోజు నా జీవితంలో అదొకటి.

"నిజమై ఉండి నేను ఆపితే, తల్లి కర్మకి కూడా వెళ్ళలేని పిల్లని చేస్తాను. అబద్ధమై ఉండి నేను పంపితే..." అని ఆగింది. "నీది కాదులే ఈ లెక్క. కంగారుపడకు."

నాలుగింటికి గేటు ముందు వ్యాను ఆగింది. తెల్లచొక్కా మనిషి ఒకడు దిగాడు. ఇంకో ఇద్దరు దిగకుండా లోపలే కూర్చున్నారు.

"పద్మ ఉంటదంటగా ఇక్కడ. నేను వాళ్ళన్నయ్యనండీ."

"బడికి పోయింది. ఏం పని నాయనా?"

"మా అమ్మ పోయిందండీ. కార్డేశాం, వచ్చే ఉంటది. ఇంకా రాలేదని తీసుకెళ్దామని వచ్చాం." అంటూ గేటు లోపలికి అడుగు వేశాడు.

"ఆగు. మైలవాడివి. ఇంట్లో పన్నెండు మంది ఆడపిల్లలున్నారు, పొయ్యి మీద అన్నముంది. లోపలికి రాకు."

అతను కాలు వెనక్కి తీసుకున్నాడు.

"జబ్బు చేసిందా?"

"గుండె నొప్పండీ."

"పాపం. తలకొరివి నువ్వేనా?"

"మా నాన్న పెట్టాడండీ." అందుకే జుట్టు ఉంది. అది నిజమే అయ్యుండొచ్చు. కంట్లో తడి లేదు. అది కూడా ఏమీ చెప్పదు, మగవాళ్ళు అందరి ముందూ ఏడవరు. నేను వరండా స్తంభం పట్టుకుని నిలబడి, ప్రతిదానికీ రెండు జవాబులు కనబడుతుంటే చూస్తున్నాను.

కార్డు అతని మోచేతి పక్కనే, ఇటుక కింద ఉంది. ఆవిడ మాట్లాడుతూనే స్తంభం మీద చెయ్యి వేసింది. మాట్లాడుతూనే ఆ చెయ్యి కొంగు చాటుకు పోయింది. తర్వాత మెల్లగా నడిచొచ్చి, గడప దాటి, ఆ కార్డుని గూట్లో మిగతా ఉత్తరాల మధ్య, మాగాయ జాడీ పక్కన పెట్టింది. చావు కబురు కాగితం ఆ గడప దాటడం నేను చూసింది అదొక్కసారే.

"అతనికి చెప్పెయ్యండి, పసుపు సంగతి" అన్నాను మెల్లగా.

"చెప్తే? ఇంటికెళ్ళి ఆ తల్లిని కొడతాడు."

నాకు అది తట్టలేదు.

నాలుగూ ముప్పావుకి ఆ పిల్ల వీధి మలుపులో కనబడింది. అతను ఎదురెళ్ళాడు. "పద్మా! అమ్మ పోయిందే!" అన్నాడు. ఆ పిల్ల చేతిలో కాంపోజిషన్ పుస్తకాలు రోడ్డు మీద పడిపోయాయి. ఏడుస్తూ అన్న చెయ్యి పట్టుకుంది. అతను వ్యాను వైపు నడిపిస్తున్నాడు. ఒకడు లోపలి నుంచి తలుపు తెరిచాడు. వ్యానుకీ ఆ పిల్లకీ మధ్య నాలుగైదు గజాలుంది. నేను పిన్నిగారి వైపు చూశాను. ఆవిడ ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది.

"నాలుగూ!"

రోజూ పిలిచినట్టే, అంతే గట్టిగా.

"నాలుగూ! నీకు ఉత్తరం. వచ్చి తీసుకో!"

అతను వెనక్కి తిరిగాడు. "అమ్మ పోయి మేమేడుస్తుంటే ఉత్తరం ఏంటండీ?"

"ఈ ఇంట్లో సాయంత్రం ఉత్తరాలు పంచుతాం నాయనా. ఎవరిది వాళ్ళ చేతికే. ఏవే నాలుగూ, వినబళ్ళా? రా, పులుసు చల్లారిపోతంది."

వీధిలో వాళ్ళు ఈవిడకు మతి పోయిందనుకుని ఉంటారు. ఆ పిల్ల ఏడుపు మధ్యలో ఆగి, తల తిప్పి వరండా వైపు చూసింది. అన్న చేతిలోంచి చెయ్యి మెల్లగా తీసుకుంది. గేటు దాటి లోపలికి వచ్చింది. ఆ గేటు దాటి ఆమె వెనకాలే రావడానికి అతనికి లేదు. తను తెచ్చిన మైల అతని కాళ్ళకు అడ్డం పడింది.

పిన్నిగారు గూట్లోంచి కార్డు తీసి ఇచ్చింది. ఆ పిల్ల చదివింది. తిప్పింది. మూలను ముక్కు దగ్గర పెట్టుకుంది. పిన్నిగారు మణికట్టు పట్టుకుని, "మీ అమ్మ పసుపు మాట ఎత్తకు" అంది, పెదవులు కదలకుండా.

"అన్నయ్యా, నేను రాను."

"అమ్మ చచ్చిపోయిందంటే రానంటావేంటే!"

"విన్నావుగా నాయనా, రానంది."

"మధ్యలో మీరెవరండీ?"

"నేనా? ఉత్తరాలిచ్చేదాన్ని."

వ్యానులో ఇద్దరూ దిగారు. ఏడో నంబరు వెళ్ళి గేటు గడియ వేసింది. మేం ఎనిమిది మందిమి ఉన్నాం, వెళ్ళి గేటుకు ఇవతల నిలబడ్డాం. అతను గేటు పట్టుకుని ఊపాడు. నోటికొచ్చిన మాటలు మొదలయ్యాయి. వీధిలో జనం చేరారు. అప్పుడు పిన్నిగారు లేచి నిలబడి, ఎదురింటివైపు కేకేసింది.

"అన్నయ్యగారూ! పాపం తల్లి పోయిన బిడ్డ. దుఃఖంలో ఒళ్ళు తెలీడం లేదు. కాస్త రెండు బిందెలు నీళ్ళు తల మీద పొయ్యండి, చల్లబడతాడు!"

ఎదురింటాయన నిజంగానే బకెట్టు తెచ్చాడు. ఆయన మంచి మనసుతోనే తెచ్చాడు. మొదటి చెంబు భుజం మీద పడేసరికి అతను వ్యాను ఎక్కేశాడు. మళ్ళీ వస్తానన్నాడు. ఆ వీధంతా తల్లి పోయినవాడిగా చూసిన చోటికి మళ్ళీ రాలేదు.

ఇక్కడితో అయిపోతే ఇది గెలుపు కథ. ఆ తర్వాత మూడు వారాలు ఆ ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. తల్లి దగ్గర నుంచి ఉత్తరం లేదు. పిన్నిగారు పదకొండు గంటల నుంచే గేటు పట్టుకుని నిలబడేది. సాయంత్రం ఉత్తరాలు పంచేది గానీ బరువు చూడటం లేదు, పులుసు మాట లేదు. ఆ పిల్ల స్కూలు నుంచి వచ్చి గూటి వైపు చూసి గదిలోకి వెళ్ళిపోయేది. పిన్నిగారిని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

"మీకు నమ్మకమేగా?" అని నేనడిగాను ఒకరోజు.

"నమ్మకానికేం, ఉంది. ఉత్తరం రావాలి" అంది.

మార్చి మొదటి వారంలో ఒక బుధవారం. జ్వరమొచ్చి నేను గదిలో పడుకుని ఉన్నాను. పోస్ట్‌మాన్ వెళ్ళిన రెండు నిమిషాలకు గేటు గడియ తీసిన చప్పుడైంది. కిటికీలోంచి చూస్తే, పన్నెండు గంటల ఎండలో, చెప్పులు కూడా లేకుండా, చేతిలో ఒక కవరుతో ఆవిడ వీధిలో పరిగెడుతోంది. అరవైకి దగ్గర పడ్డ మనిషి, భారీ శరీరం. తర్వాత సంగతి స్కూలు వాళ్ళు చెప్పగా విన్నాం. అయిదో తరగతి కిటికీ దగ్గర ఆగి, ఊపిరి అందక కమ్మీలు పట్టుకుని, "నాలుగూ! నాలుగూ! పులుసొచ్చింది!" అని అరిచిందట. పిల్లలంతా గొల్లున నవ్వారట. టీచరు మాత్రం సుద్దముక్క పట్టుకుని అలా నేల మీద కూర్చుండిపోయిందట.

సాయంత్రం ఆ పిల్ల ఉత్తరం మాకందరికీ చదివి వినిపించింది. పొరుగమ్మాయి ఊళ్ళో లేక ఇన్నాళ్ళూ రాయించలేదని రాసింది తల్లి. చివర్లో ఇలా ఉంది: "అన్నయ్య నీకు కార్డు రాశాడు. కోపం పోయి చెల్లెలికి రాసుకుంటానంటే నాకు చాలా సంతోషం వేసి, నీ అడ్రసు నేనే ఇచ్చాను. నేనే పసుపు పెట్టి డబ్బాలో వేయించాను. అందిందా?"

పిన్నిగారు లేచి లోపలికి వెళ్ళి పొయ్యి మీద ఏదో కలపడం మొదలుపెట్టింది. పొయ్యి వెలిగించలేదని నేను చూశాను గానీ చెప్పలేదు.

మొన్న వచ్చిన కార్డు నాలుగో నంబరు రాసింది. ఇప్పుడు ఏదో ఊళ్ళో హెడ్‌మిస్ట్రెస్సట. పిన్నిగారు సోమవారం నిద్రలోనే పోయిందని రాసింది. సంతకం దగ్గర పేరు లేదు. "నాలుగు" అని ఉంది.

పన్నెండేళ్ళు ఆవిడ నన్ను ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు.

చదవడం అయిపోయింది. చింపేయాలి. అయినా కళ్ళజోడు తీసి తుడుచుకుని, కార్డు ఎండకు పట్టి, ముందు వైపు నాలుగు మూలలు, వెనక వైపు నాలుగు మూలలు చూశాను. ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

ఇస్త్రీ బండి బొగ్గుల వాసన తప్ప ఏమీ లేదు.